కోఠి స్తంభం దగ్గర ఆ వృత్తాంతం రాసి పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

కోఠి చౌరస్తాలో, మహిళా విశ్వవిద్యాలయానికి ఎదురుగా 1857 అమరుల స్మారక స్తంభం ఉంది. నిత్యం వేలమంది దాని పక్కనే బస్సెక్కుతారు, పాత పుస్తకాలు బేరమాడతారు, సుల్తాన్ బజారుకు నడిచిపోతారు. అది ఎవరి జ్ఞాపకార్థం నిలిపిందో చెప్పగలిగేవారు మాత్రం అరుదు. ఆ స్థలాన్ని బాగుచేసి, అక్కడ జరిగిన సంగతిని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు భాషల్లో చదువుకునేలా శిలాఫలకం పెట్టించాలని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

నేటి మహారాష్ట్రలోని బుల్దానాలో ఆంగ్లేయులపై తిరగబడి హైదరాబాదు చేరిన సైనికాధికారి జమేదార్ చీదా ఖాన్‌ను నిజాం దివాన్ (ప్రధానమంత్రి) సాలార్‌జంగ్ బంధించి రెసిడెన్సీకి, అంటే నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి అయిన రెసిడెంట్ నివాసానికి, అప్పగించడంతో నగరం భగ్గుమంది. 1857 జూలై 17, శుక్రవారం నాడు ఆయనను విడిపించడానికి బయల్దేరిన రోహిల్లాలకు (అఫ్ఘాన్ మూలాలున్న యోధులకు), జనానికి తుర్రెబాజ్ ఖాన్, మక్కా మసీదు మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వం వహించారు. రెసిడెన్సీ గోడకు ఎదురుగా పుత్లీబౌలిలో ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్‌ల ఇళ్లలో చేరి వారు రాత్రి పొద్దుపోయేదాకా కాల్పులు సాగించారు. అయితే దివాన్ ముందే కబురు పంపి ఉండటంతో రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులతో సిద్ధంగా ఉన్నాడు. దాడి విఫలమైంది. తర్వాత పట్టుబడి యావజ్జీవ శిక్ష పడ్డ తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకున్నాడు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర ఆయనను కాల్చిచంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపగా అక్కడే కన్నుమూశారు.

1857 అనగానే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ పేర్లు చెప్పే మన పిల్లలకు ఈ ఇద్దరి పేర్లు తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. వారు దాడి చేసిన ఆ రెసిడెన్సీ, అంతకుముందు రెసిడెంట్‌గా ఉన్న కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టిన, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న మేడ, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మళ్లీ కళకళలాడుతోంది. అది ఎంతో మంచి పని, అందుకు పూనుకున్నవారందరికీ నగరం రుణపడి ఉంది. కానీ గోడ లోపలి మేడకు అంత శ్రద్ధ దక్కినప్పుడు, గోడ బయట ప్రాణాలకు తెగించినవారి గుర్తు బస్సుల పొగలో మసకబారుతుంటే చూస్తూ ఊరుకోవడం న్యాయం కాదు. మేడను చూడటానికి వచ్చినవారిని రోడ్డు దాటించి ఈ స్తంభం దగ్గరికి కూడా తీసుకురావాలి.

ఇందుకోసం చిరువ్యాపారులను వెళ్లగొట్టమని నేను అడగడం లేదు. దశాబ్దాలుగా కోఠిని నమ్ముకుని బతుకుతున్నవారు వాళ్లు. స్తంభం చుట్టూ నాలుగడుగులు ఖాళీగా ఉంచి, రాత్రిపూట వెలుగు ఏర్పాటు చేస్తే చాలు. ఫలకంపై ఉండాల్సిన పాఠాన్ని ఎదురుగా ఉన్న విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివే విద్యార్థినులకు, వారి అధ్యాపకులకు అప్పగించవచ్చు. వచ్చే జూలై 17 నాటికి ఈ పని పూర్తిచేసి, ఆ రోజున ప్రభుత్వం తరఫున అక్కడ నివాళి అర్పించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సుల్తాన్ బజార్, హైదరాబాద్