కొట్ల పాత రికార్డులు పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

పాత బజారు కట్టడాల మాట వచ్చినప్పుడల్లా ఎన్నేళ్లది, ఎవరు కట్టించారు అన్న దగ్గరే ఆగిపోతున్నాం. ఆ గదుల్లో ఎవరెవరు వ్యాపారం చేశారో రాసిపెట్టే నాథుడు లేడు. నా ఉద్దేశంలో ఊరి చరిత్రలో సగం అక్కడే ఉంది.

ఒకే గదిలో మొదట ఫొటో స్టూడియో, తర్వాత వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు, ఆపైన ఇంటర్నెట్ సెంటర్, ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు. ఈ వరస చూస్తే చాలు, జనం చేతికి ఎప్పుడు ఏ యంత్రం వచ్చిందో, ఏది మూలపడిందో తెలిసిపోతుంది. బోర్డు దిగిన ప్రతిసారీ ఓ కుటుంబం బతుకుతెరువు వెతుక్కుంది. కొత్తవాళ్లు బోర్డు మార్చేటప్పుడు చూడండి, అంతకుముందు వాళ్లు రాయించిన పేరు వెలిసిపోయిన రంగుల్లో గోడ మీద బయటపడుతుంది. కౌంటర్ ఉన్నంత మేర నేల కొత్తగా, దాని ముందు మనుషులు నిలబడ్డ చోట అరిగిపోయి ఉంటుంది. దాని మీద టైల్స్ పడితే ఆ ఆనవాలూ పోయినట్టే.

గోడ పోయినా కాగితం మిగలాలి. కానీ లైసెన్సు వ్యాపారి పేరున, పన్ను యజమాని పేరున ఉంటాయి. ఫలానా డోర్ నంబరులో ఇంతకాలం ఎవరున్నారని అడిగితే చెప్పే పుస్తకం ఒక్కటీ ఉండదు. పైగా గడువు తీరిన రిజిస్టర్లను చెత్త కింద లెక్కేస్తారు.

న్యూయార్క్ నగరం 1939-41 మధ్య ఆస్తి పన్ను మదింపు కోసం కట్టడాలన్నిటినీ ఫొటోలు తీయించింది. 1980ల్లో మళ్లీ తీయించింది. ఇప్పుడవి ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒకే కొట్టు ఫొటోలు రెండూ పక్కపక్కన పెడితే మారిన బోర్డు కళ్లకు కడుతుంది. అమెరికాలో 1867లో మొదలైన సాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం పట్టణాల మ్యాపులు గీసి, కట్టడం మారినప్పుడు పాత షీటు మీదే సవరణ చీటీలు అంటించేది. బ్రిటన్‌లో కెల్లీస్ డైరెక్టరీలు వీధుల వారీగా, ఏ నంబరులో ఎవరున్నారో అచ్చువేసేవి. వీటిలో ఏదీ చరిత్ర కోసం చేసిన పని కాదు. పారేయకుండా ఉంచారు కాబట్టి ఈరోజు చరిత్రకు పనికొస్తున్నాయి.

స్థానిక సంస్థలకు నా విన్నపం ఇది. పాత లైసెన్సు రిజిస్టర్లను తీసేసే ముందు స్కాన్ చేయించండి. వాటిని డోర్ నంబరు వారీగా కలపండి. పన్ను సవరించిన ప్రతిసారీ కొట్టు ముందు భాగం ఫొటో ఒకటి తీసిపెట్టండి. అద్దెలు, సొంత వివరాలు ఎవరికీ అక్కర్లేదు. షాపు పేరు, ఏం వ్యాపారం, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది బయట పెడితే చాలు.

ఇంకో మాట. లైసెన్సులో ఒక్కరి పేరే ఉంటుంది. రోజంతా కౌంటర్‌లో కూర్చున్న భార్య, ఏళ్ల తరబడి పనిచేసిన గుమాస్తా ఏ కాగితంలోనూ కనిపించరు. వాళ్లను అడిగి రాయించే బాధ్యత గ్రంథాలయాలు తీసుకోవాలి. ఆ తరం వాళ్లు ఉండగానే ఇది జరగాలి. రికార్డు గదులు ఖాళీ చేయించేలోపే స్కానింగ్‌కు ఆదేశం ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు