ఇయర్ అబ్రాడ్ అంటే మన పిల్లలకు రెండో వీసా

సంపాదకులకు,

బ్రిటన్‌లో పాలిటిక్స్, సోషియాలజీ, ఎకనామిక్స్ చదవాలనుకునే ఇంటర్ పిల్లల కోసం మీ విద్యా పేజీలో వేసిన వ్యాసంలో ‘ఇయర్ అబ్రాడ్’ గురించి రెండే ముక్కలున్నాయి. మూడో ఏడాది వేరే దేశంలో చదువుకోవచ్చు, ఆ ఏడాది ఫీజు బాగా తగ్గుతుంది అని. రెండూ నిజమే. కాకపోతే రెండూ బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు సరిపోయే మాటలు. ఖమ్మం నుంచో కాకినాడ నుంచో వెళ్లే పిల్లలకు లెక్క వేరు. ఆ లెక్క చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఫీజు. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థి నుంచి 2025-26లో ఏడాదికి గరిష్ఠంగా 9,535 పౌండ్లు తీసుకోవచ్చు. ఆ విద్యార్థి ఏడాది మొత్తం బయట దేశంలో చదివితే అందులో 15 శాతం, అంటే 1,430 పౌండ్లు దాటకూడదు. కన్సల్టెన్సీల బ్రోచర్లలో కనిపించే అంకె ఇదే. కానీ ఈ పరిమితి ‘హోమ్’ ఫీజు కట్టేవాళ్లకే. ఓవర్సీస్ ఫీజుకు అలాంటి హద్దేమీ లేదు, ఎంత శాతం తీసుకోవాలో యూనివర్సిటీయే నిర్ణయించుకుంటుంది. ఓవర్సీస్ ఫీజు 24,000 పౌండ్లనుకోండి. అందులో 15 శాతమైతే 3,600, సగమైతే 12,000. రూపాయల్లోకి మార్చి చూస్తే ఈ తేడా ఏ తల్లిదండ్రులకైనా చిన్నది కాదు. ఆఫర్ లెటర్ రాగానే యూనివర్సిటీకి మెయిల్ రాసి, ‘ఓవర్సీస్ విద్యార్థికి మూడో ఏడాది ఫీజు ఎంత?’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫోన్లో చెప్పిన మాట మూడేళ్ల తర్వాత పనికిరాదు.

వెళ్లిన చోట మాత్రం ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. అదంతా ఎక్స్ఛేంజ్ ఒప్పందం. అక్కడి నుంచి ఒకరు వస్తే బ్రిటన్ నుంచి ఒకరు వెళ్తారు. అందుకే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా సీట్ల కోసం ఎప్పుడూ తోపులాటే. ఆ దేశాల నుంచి ఎంతమంది వస్తే అన్నే సీట్లు. నాలుగేళ్ల డిగ్రీ పేరులో ‘విత్ ఇయర్ అబ్రాడ్’ అని ఉన్నంత మాత్రాన సిడ్నీలో సీటు ఉన్నట్టు కాదు. సాధారణంగా రెండో ఏడాది మొదటి టర్మ్‌లోనే దరఖాస్తు పెట్టాలి, నాలుగైదు ఆప్షన్లు వరస క్రమంలో ఇవ్వాలి. మార్కుల హద్దు కూడా ఉంటుంది. చాలాచోట్ల 60 శాతం దగ్గర గీత గీస్తారు. అది అందకపోతే మామూలు మూడేళ్ల డిగ్రీలోకి మార్చేస్తారు. అప్పుడు ఆ సంగతి యూనివర్సిటీ వీసాలు చూసే హోం ఆఫీసుకు తెలియజేస్తుంది, నాలుగేళ్లకని ఇచ్చిన వీసా గడువు కుదించుకుపోవచ్చు.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. మొదటే నాలుగేళ్ల కోర్సుకు అప్లై చేయాలా, మూడేళ్ల కోర్సులో చేరి తర్వాత మారాలా? మొదటే నాలుగేళ్లది తీసుకోవడం మేలని నా అభిప్రాయం. నాలుగు నుంచి మూడుకు దిగడం తేలిక. మూడు నుంచి నాలుగుకు ఎక్కాలంటే కొత్త క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే నిర్ధారణ పత్రం), కొత్త వీసా దరఖాస్తు, మళ్లీ ఫీజు. మొదటే నాలుగేళ్లది తీసుకుంటే ఒక నష్టం ఉంది, అదీ చెప్పాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, వీసా కాలం మొత్తానికి ఒకేసారి కట్టాలి. వీసా కోర్సుకు నెల ముందు మొదలై, కోర్సు అయిన నాలుగు నెలల దాకా ఉంటుంది కాబట్టి నాలుగేళ్ల కోర్సుకు నాలుగున్నరేళ్ల సర్‌చార్జి లెక్కగడతారు: 3,492 పౌండ్లు. మూడో ఏడాదంతా మాడ్రిడ్‌లో ఉండి బ్రిటన్ ఆసుపత్రి గుమ్మం తొక్కకపోయినా ఆ ఏడాది డబ్బు వెనక్కి రాదు. మాడ్రిడ్‌లో మళ్లీ వేరే ఇన్సూరెన్స్.

అసలు చిక్కు వీసాలో ఉంది. యూరప్‌లో చాలా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు, దాని మీద సెమిస్టర్ చదవడం కుదరదు. కావాల్సింది ఆ దేశం ఇచ్చే లాంగ్‌స్టే వీసా, దాన్ని టైప్-డి అంటారు. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడి నుంచే అప్లై చేసుకోవచ్చు. కానీ క్యాలెండర్ చూడండి. హోస్ట్ యూనివర్సిటీ, అంటే వెళ్లబోయే యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ వచ్చేసరికి మే, జూన్ అవుతుంది. పరీక్షలు జూన్ మొదట్లో అయిపోతాయి. బ్రిటన్‌లో రూమ్ కాంట్రాక్టు జూన్ ఆఖరుకో జూలైకో ముగుస్తుంది. టికెట్ అప్పటికే కొనేసి ఉంటారు, అమ్మావాళ్లు ఎదురుచూస్తుంటారు. ‘ఇంటికెళ్లి హైదరాబాద్ నుంచి అప్లై చేద్దాంలే’ అని విమానం ఎక్కేస్తారు. ఇక్కడ ఆగస్టు అంటే విదేశీ చదువులకు వెళ్లేవాళ్లతో వీసా సెంటర్లు కిటకిటలాడే కాలం. అపాయింట్‌మెంట్ దొరకదు, దొరికితే పాస్‌పోర్టు వారాల తరబడి లోపలే ఉంటుంది. అక్కడ క్లాసులు మొదలైపోతాయి. అందుకని మే నెలలోనే అపాయింట్‌మెంట్ పట్టుకుని, వీసా స్టాంపు పడ్డాకే ఇంటికి రావడం మంచిది. ఒక వేసవి సెలవు తగ్గుతుంది, అంతే.

దేశాన్ని బట్టి పని మారుతుంది. నెదర్లాండ్స్ అయితే విద్యార్థి తిరగక్కర్లేదు, హోస్ట్ యూనివర్సిటీయే ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు పెడుతుంది. కాకపోతే వాళ్లడిగిన కాగితాలు, డబ్బు చెప్పిన తేదీకి అందాలి, ఒక్కరోజు ఆలస్యమైనా వినరు. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్ కావాలి: నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ముందే వేసి, నెలనెలా తీసుకోవడం. ఫ్రాన్స్‌కు అక్కడి ప్రభుత్వ ఏజెన్సీ క్యాంపస్ ఫ్రాన్స్‌లో ఫైలు ముందు, వీసా తర్వాత. అక్కడ దిగిన మూడు నెలల్లోపు ఆ వీసాను ఆన్‌లైన్‌లో వ్యాలిడేట్ చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. వీసా స్టిక్కర్ మీద ఏడాది తేదీలు కనిపిస్తుంటే ఇంకేం కావాలనిపిస్తుంది. వ్యాలిడేట్ చేయని వీసాతో క్రిస్మస్ సెలవులకు బయటికి వెళ్తే తిరిగి రావడానికి ఇబ్బంది పడాలి. అమెరికాకు జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా: హోస్ట్ ఇచ్చే డీఎస్-2019 అర్హత పత్రం, విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ వ్యవస్థకు 220 డాలర్ల ఫీజు, ఆపైన ఇంటర్వ్యూ. జె-1 మీద వెళ్తే రెండేళ్లు ఇండియాలో ఉండి తీరాలన్న భయం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ షరతు ఏ దేశాల వాళ్లకు పడుతుందో చెప్పే స్కిల్స్ లిస్టు నుంచి 2024 డిసెంబరులో ఇండియాను తీసేశారు. కాబట్టి ఆ లిస్టు కారణంగా ఆ షరతు పడదు. ప్రభుత్వ డబ్బుతో వెళ్తే మాత్రం ఇప్పటికీ పడుతుంది.

యూరప్ మీదే మనసున్న వాళ్లు ఇంకో దారి కూడా చూడాలి. డిగ్రీయే నెదర్లాండ్స్‌లోనో ఫ్రాన్స్‌లోనో చేస్తే, యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉన్నప్పుడు యూరోపియన్ యూనియన్ 2016లో తెచ్చిన డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ పాటించాల్సిన చట్టం) కింద 360 రోజుల దాకా మరో సభ్యదేశంలో చదువుకోవచ్చు. కొత్త వీసా అక్కర్లేదు, ముందే సమాచారం ఇస్తే (నోటిఫికేషన్) చాలు. డెన్మార్క్, ఐర్లాండ్ ఇందులో లేవు. ప్యారిస్‌లోని సియాన్స్ పో డిగ్రీలోనైతే మూడో ఏడాది విదేశంలో గడపడం కోర్సులో భాగమే. ఇంగ్లిష్‌లో చదివే క్యాంపస్‌లు కూడా ఉన్నాయి. మన దగ్గర మాత్రం సోషల్ సైన్స్ అనగానే లండన్ పేరే చెప్తారు.

ఇక చదువు. బ్రిటన్‌లో ఏడాదికి 120 క్రెడిట్లు, యూరప్‌లో 60 ఈసీటీఎస్ (అక్కడి ఉమ్మడి క్రెడిట్లు). అవి రెండూ సమానం. వెళ్లేముందు, అక్కడ ఏ కోర్సులు చదువుతారో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద విద్యార్థి, రెండు యూనివర్సిటీలు, మూడు సంతకాలు పడాలి. అక్కడికెళ్లాక సగం కోర్సులు మారడం మామూలే: ఒకటి ఆ ఏడాది ఉండదు, ఇంకోటి స్థానిక భాషలోకి మారుతుంది. మారిన ప్రతిసారీ కొత్త అగ్రిమెంట్ మీద మళ్లీ సంతకాలు పెట్టించాలి. ‘ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను, సరే అన్నారు’ అంటే చాలదు. తిరిగొచ్చాక ఆ క్రెడిట్లు లెక్కలోకి రాకపోతే మూడో ఏడాది తప్పినట్టే.

జర్మనీలో సోషియాలజీ తీసుకున్నవాళ్లకు ఎదురయ్యేది చూడండి. లెక్చర్‌కు వెళ్లి కూర్చుంటే క్రెడిట్లు కొన్నే. ఎక్కువ క్రెడిట్లు సెమినార్‌లో ఉంటాయి, దానికి పదిహేను ఇరవై పేజీల పేపర్ రాయాలి. శీతాకాలం సెమిస్టర్ క్లాసులు ఫిబ్రవరిలో అయిపోతాయి గానీ పేపర్ గడువు చాలాచోట్ల మార్చి ఆఖరు. దిద్ది మార్కులు వేసేసరికి వేసవి దాకా పట్టొచ్చు. వేసవి సెమిస్టర్ పేపర్లు ఇంకా ఆలస్యం, వాటి మార్కులు బ్రిటన్‌లో నాలుగో ఏడాది మొదలయ్యాక వస్తాయి. అందుకే సెప్టెంబరులో ‘మీ ట్రాన్స్‌స్క్రిప్ట్ అందలేదు’ అని మెయిల్ వస్తుంది, పిల్లలు కంగారు పడతారు. ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడి గడువుకు నెల ముందు పేపర్ ఇచ్చేస్తే ఆ తలనొప్పి ఉండదు. ఇంకోటి, జర్మనీలో 1.0 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 5.0 అంటే ఫెయిల్. ఫ్రాన్స్‌లో ఇరవైకి పది వస్తే పాస్, పద్నాలుగు వస్తే గర్వంగా చెప్పుకోవచ్చు. మన ఇళ్లలో ‘ఇరవైకి పద్నాలుగేనా!’ అనకండి.

చివరి ఏడాది రాసే పరిశోధన వ్యాసం, డిసర్టేషన్ సంగతి ఎవరూ చెప్పరు. సోషల్ సైన్స్ విద్యార్థికి ఇయర్ అబ్రాడ్‌లో దొరికే అసలు లాభం ఫీల్డ్‌వర్క్. బార్సెలోనాలో అద్దె ఇళ్ల గొడవ మీద ఇరవై మందితో మాట్లాడి రికార్డు చేసుకొచ్చారనుకోండి. పరిశోధన నియమాలు చూసే సొంత యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు తీసుకోకపోతే ఆ రికార్డింగుల్లో ఒక్క మాట కూడా డిసర్టేషన్‌లో వాడుకోనివ్వరు. తర్వాత తీసుకున్న అనుమతి వెనకటి ఇంటర్వ్యూలకు వర్తించదు. టాపిక్ జనవరికల్లా తేల్చుకుని, ఎవరితో మాట్లాడతారు, సమ్మతి పత్రం ఏ భాషలో ఉంటుంది, రికార్డింగులు ఎక్కడ దాస్తారు అన్నవి ఫారంలో నింపి పంపాలి. వేసవిలో కమిటీలు నెమ్మదిగా కదులుతాయి.

డబ్బు దగ్గరికొస్తే బ్యాంకు లోనుతో చిక్కు ఉంది. శాంక్షన్ లెటర్ బ్రిటన్ యూనివర్సిటీ పేరు మీద, ఫీజు షెడ్యూల్ ప్రకారం ఇస్తారు. మూడో ఏడాది డబ్బు వేరే దేశానికి, వేరే కరెన్సీలో, ఒక్కోసారి జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌లా ఏడాది ఖర్చంతా ఒకేసారి కావాలి. ఈ విషయం లోను తీసుకునేటప్పుడే రాయించుకోవాలి. మధ్యలో అడిగితే బ్రాంచి వాళ్లు పై ఆఫీసుకు పంపుతారు, పై ఆఫీసు వాళ్లు మళ్లీ కాగితాలు అడుగుతారు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి పీజీ, పీహెచ్‌డీ వాళ్లకే. డిగ్రీకి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పార్ట్‌టైమ్ పని కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బ్రిటన్‌లో టర్మ్ టైమ్‌లో వారానికి 20 గంటలు, ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు. నెదర్లాండ్స్‌లో వారానికి 16 గంటలే, అదీ యజమాని వర్క్ పర్మిట్ తీసుకుంటేనే.

తర్వాత బ్రిటన్‌లో ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసాకు ఇయర్ అబ్రాడ్ అడ్డు కాదు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు డిగ్రీ మీద అది పద్దెనిమిది నెలలే, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఆ లెక్కే వేసుకోవాలి. పదేళ్లు వరసగా ఉండి స్థిరనివాసం అడగాలనుకునే వాళ్లకు మాత్రం దెబ్బే. ఏ పన్నెండు నెలల్లోనైనా 180 రోజులకు మించి బయట ఉంటే ఆ వరస తెగిపోతుంది.

చివరగా మన రాష్ట్రాల సంగతి. 2022లో యూజీసీ తెచ్చిన ట్విన్నింగ్ నిబంధనల ప్రకారం ఇక్కడి డిగ్రీలో 30 శాతం దాకా క్రెడిట్లు విదేశీ యూనివర్సిటీలో సంపాదించుకోవచ్చు. కాలేజీల నాణ్యతకు నాక్ ఇచ్చే స్కోరు కనీసం 3.01 ఉన్న సంస్థ, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉన్న యూనివర్సిటీతో యూజీసీ అనుమతి కోసం ఎదురుచూడకుండానే ఒప్పందం చేసుకోవచ్చు. వినడానికి బాగుంది, లెక్క వేస్తే ఒక మెలిక. యూజీసీ లెక్కలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో 30 శాతం 36. ఏడాది చదువు 40 క్రెడిట్లు. అంటే మూడేళ్ల బీఏలో పూర్తి ఏడాది బయట చదవడం ట్విన్నింగ్ కింద కుదరదు, ఒక సెమిస్టరే కుదురుతుంది. నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు, 30 శాతం 48, ఏడాది హాయిగా పడుతుంది. మీ పేజీలో ఎప్పుడూ లండన్ వార్తలే కాకుండా, రెండు రాష్ట్రాల్లో సోషల్ సైన్స్ ఆనర్స్ నాలుగో ఏడాది నిజంగా నడుపుతున్న కాలేజీలు ఏవి, వాటిలో నాక్ 3.01 దాటినవి ఏవి, ఏ విదేశీ యూనివర్సిటీతోనైనా సంతకం పెట్టుకున్నవి ఎన్ని అన్న పట్టిక ఒకటి వేయండి. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల దోస్త్ నోటిఫికేషన్ రాకముందే వేస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
సాంఘిక శాస్త్రాల విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ