ఫిర్యాదులు రాలేదట, ఎలా వస్తాయి?

సంపాదకులకు,

ఇటీవల మీ జిల్లా పేజీలో దంత వైద్యశాలల తనిఖీల గురించి వచ్చిన వార్త చదివాను. కోపం కొంత తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. ‘రోగుల నుంచి లిఖితపూర్వక ఫిర్యాదులేవీ అందలేదు, అందితే చర్యలు తప్పవు’ అని అధికారి గారు సెలవిచ్చారు. మీ విలేకరి ఆ మాటను పొల్లు పోకుండా రాసుకొచ్చారు. ఫిర్యాదు చేయడానికి కావలసిన కాగితం ఒక్కటైనా రోగి చేతికి ఇస్తున్నారా అని మాత్రం అడగలేదు.

మా ఆవిడకు దవడ పన్ను నొప్పి చేస్తే ఊళ్లో పేరున్న ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు, సరేనన్నాం. వెళ్లింది ఒక పన్ను కోసం. కుర్చీలో పడుకోబెట్టి మత్తు ఇచ్చాక పక్క పన్నూ పుచ్చిందని దానికీ కానిచ్చారు. బయట కూర్చున్న నాకు ఆ సంగతి డబ్బు కట్టేటప్పుడు గానీ తెలియలేదు. సంతకం పెట్టించుకున్న ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది. జిర్కోనియా క్యాప్ అని ఎక్కువ తీసుకున్నారు. దానికి క్యాప్ తయారుచేసే ల్యాబ్ వారు ఇచ్చే వారంటీ కార్డు అడిగితే ‘వస్తుంది’ అన్నారు, ఇప్పటికీ రాలేదు. రసీదు అంటారా? విజిటింగ్ కార్డు వెనుక పెన్నుతో ఒక అంకె వేసి ఇచ్చారు. కొన్నాళ్లకు దవడ వాచింది. ‘ఈ వయసులో ఇవి మామూలే’ అని మందులు రాసి పంపారు. చివరికి హైదరాబాద్‌లో మరో డాక్టరుకు చూపిస్తే, ఎక్స్‌రేలో పంటి వేరు లోపల విరిగిపోయిన ఫైలు (సూదిలాంటి పనిముట్టు) ముక్క కనిపించింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. వేర్లు శుభ్రం చేసే ఆ సన్నని ఫైళ్లు మంచి డాక్టర్ల చేతుల్లోనూ ఒక్కోసారి విరుగుతాయట. అది దానంతటదే నేరం కాదు. విరిగిందని రోగికి చెప్పకుండా పైన సిమెంటు పెట్టి, క్యాప్ బిగించి, డబ్బు లెక్కపెట్టుకోవడం నేరం కాకపోతే మరేమిటి?

వెనక్కి వెళ్లి చికిత్స వివరాలు, ఎక్స్‌రేలు అడిగాం. ‘కంప్యూటర్‌లో లేవండీ, ఫార్మాట్ చేశాం’ అని కౌంటరులో అమ్మాయి చెప్పింది. దంత వైద్యుల నైతిక నియమావళి 2014 నుంచి అమల్లో ఉంది. చికిత్స మొదలైన రోజు నుంచి కనీసం మూడేళ్లు రికార్డులు దాచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అందులోనే ఉంది. వాణిజ్య ప్రకటనలతో రోగులను ఆకర్షించకూడదనీ ఉంది. ఆ రెండో నియమం ఎంత చక్కగా అమలవుతోందో మన చౌరస్తాల్లో హోర్డింగులు చూస్తే తెలుస్తుంది: నొప్పి లేని చికిత్స, ఒక్క రోజులో కొత్త పళ్లు, పండగ తగ్గింపు! ఏమీ అనుకోకండి, అధికారి గారి మాటలు అచ్చయిన రోజున మీ పత్రికలోనే వెనుక పేజీలో అలాంటి ప్రకటన ఒకటి ఉంది.

అడగకుండా చేసిన రెండో పన్ను సంగతికి వస్తాను. ఒక పరీక్షకు ఇచ్చిన అనుమతి మరో శస్త్రచికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప రోగిని అడగకుండా ముందుకు పోకూడదని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. పుచ్చు పన్నుతో ఆ గంటలో ఎవరి ప్రాణమూ పోదు. బయట కుర్చీలో కూర్చున్న మనిషిని పిలిచి ఒక్క మాట చెప్పడానికి అరనిమిషం పట్టేది.

పోలీసుల దగ్గరకు వెళ్లమని కొందరు సలహా ఇచ్చారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసు తీర్పు తరువాత, తీవ్రమైన నిర్లక్ష్యం ఉందని మరో వైద్యుడి అభిప్రాయం లేనిదే డాక్టర్ల మీద క్రిమినల్ కేసు ముందుకు కదలదు. ఇక మిగిలింది మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతి: క్లినిక్ ముందు టెంటు వేయడం, ఒక నాయకుడు రావడం, లోపలి గదిలో రాజీ కుదరడం. అక్కడ రోగికి ఎంత ముట్టిందో, నాయకుడికి ఎంత ముట్టిందో ఎవరికీ తెలియదు. ఆ డాక్టరు మర్నాడు మరొకరి నోట్లో అదే పని చేస్తూ ఉంటాడు.

దారి లేక కాదు, దారి ఎటో చెప్పేవాళ్లు లేక జనం ఇలా చేస్తున్నారు. ఒక ఆఫీసులో అడిగితే పక్క ఆఫీసు అన్నారు, పక్క ఆఫీసులో ‘ముందు వాళ్ల దగ్గర రాయించుకు రండి’ అన్నారు. జీతం తీసుకునే వాళ్లు చెప్పనిది నేనే చెబుతాను. డాక్టరు పేరును రిజిస్టరు నుంచి కొంతకాలమో, శాశ్వతంగానో తీసేసే అధికారం రాష్ట్ర దంత వైద్య మండలిది, పరిహారం ఇప్పించే అధికారం దానికి లేదు. పరిహారం ఇప్పించేది వినియోగదారుల కమిషన్, రిజిస్టరు జోలికి వెళ్లే అధికారం దానికి లేదు. కాబట్టి రెండు చోట్లా వేయాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజూ లేదు. గడువు రెండేళ్లు. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

మరో డాక్టరు మాత్రం తోటి డాక్టరుకు వ్యతిరేకంగా ఎందుకు రాసిస్తాడు? మాకు చూపిన ఆయన ‘ఫైలు ముక్క ఉంది’ అని రాశారు, ‘నిర్లక్ష్యం’ అనే మాట దగ్గర కలం ఆగిపోయింది. అయినా 2010లో సుప్రీంకోర్టు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పింది. ఆ కేసు వేసింది మన కిషన్ రావు గారు, ఉమ్మడి రాష్ట్ర మలేరియా విభాగంలో ఉద్యోగి. ఆయన భార్యకు మలేరియా అయితే టైఫాయిడ్‌కు చికిత్స చేశారు, ఆమె దక్కలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆయన తెచ్చుకున్న తీర్పు ఈ రోజు దేశమంతటా రోగులకు పనికొస్తోంది. మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

‘పళ్ల గురించి ఇంత రాద్ధాంతమా’ అనేవాళ్లు తమిళనాడులోని వాణియంబాడి గురించి తెలుసుకోవాలి. మన కుప్పానికి ఎంతో దూరం లేని ఊరే. 2023లో అక్కడ ఒక దంత వైద్యశాలతో ముడిపడిన పది మందికి మెదడుకు ఇన్ఫెక్షన్ సోకితే ఎనిమిది మంది చనిపోయారు. శుద్ధి చేయని పనిముట్టుతో సెలైన్ సీసా తెరిచి, వదులుగా మూసి, అదే నీటిని మళ్లీ మళ్లీ వాడారని పరిశోధకులు తేల్చారు. తనిఖీకి వెళ్లిన మన వాళ్లు పనిముట్లు శుద్ధి చేసే యంత్రం తెరిచి చూశారా, లేక కాఫీ తాగి సంతకం పెట్టి వచ్చారా? వార్తలో ఆ ముక్క లేదు.

1948 నాటి దంత వైద్యుల చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ తెస్తూ 2023లో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే, ఢిల్లీలో బోర్డు మారుతుంది. నాకు కావలసిన బోర్డు ఇక్కడ, క్లినిక్ గోడ మీద. ధరలు స్థానిక భాషలోనూ కనబడేలా పెట్టాలని ఆసుపత్రులు, క్లినిక్‌ల కోసం కేంద్రం చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింది నియమాలు 2012 నుంచి చెబుతున్నాయి. తెలంగాణ ఆ చట్టాన్ని తీసుకుంది కూడా. ఏ పంటికి ఏం చేశారో, ఎంత తీసుకున్నారో తెలుగులో రాసి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు వేసి ఇవ్వని క్లినిక్‌కు నోటీసు ఇవ్వడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ధరల బోర్డు కిందే ఫిర్యాదు చిరునామా రాయించడానికి ఒక సర్క్యులర్ చాలు.

ఈలోగా పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లేవారు డబ్బు నోట్లుగా ఇవ్వకండి. మా దగ్గర ఇప్పుడున్న గట్టి ఆధారాలు రెండే: ఫోనులో మిగిలిన చెల్లింపు వివరం, హైదరాబాద్ ఎక్స్‌రే. వాటితోనే వచ్చే వారం జిల్లా కమిషన్‌లో కేసు వేస్తున్నాం.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ