పేరు అడగడమూ ఒక పనే

సంపాదకులకు నమస్కారం.

మా చెల్లెలి మనవరాలు ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసింది. ఆసుపత్రి కార్యాలయంలో పని నేర్పుతామంటూ ఒక శిక్షణ సంస్థ వేసిన కరపత్రం పట్టుకొచ్చి, చేరమంటారా అని నన్ను అడిగింది. కంప్యూటర్, బిల్లింగ్, బీమా కాగితాలు, ఇంగ్లీషులో మాట్లాడటం అన్నీ ఉన్నాయందులో. రోగిని పేరు ఎలా అడగాలో మాత్రం లేదు. పురసవాక్కంలోని ఒక నర్సింగ్ హోమ్ రిసెప్షన్‌లో ఇరవై ఆరేళ్లు కూర్చున్నదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లు ఎందరో. ఇక్కడి తమిళులకు ఇనీషియల్ అంటే తండ్రి పేరులోని మొదటి అక్షరం, పెళ్లైన ఆడవాళ్లలో చాలామందికి భర్త పేరులోది. మనకేమో ఇంటిపేరు. ఒక పెద్దావిడ మొదటిసారి వచ్చినప్పుడు వెంట ఉన్న కొడుకు ఇంటిపేరును బట్టి 'కె' అన్నాడు. ఆరు నెలల తర్వాత ఆవిడ ఒక్కతే వచ్చింది. భర్త సుబ్బారావు కనుక 'ఎస్' అంది. నేను అలాగే రాసి, కొత్త ఓపీ చీటీ ఇచ్చాను. మనిషి ఒక్కతే, ఫైళ్లు రెండు. పెన్సిలిన్ పడదని ఎర్ర సిరాతో రాసిన మాట పాత ఫైలులోనే ఉండిపోయింది. సిస్టర్ సూది పట్టుకుని దగ్గరకు వచ్చేసరికి ఆవిడే "అమ్మా, ఆ మందు నాకు పడదు" అనబట్టి గండం గడిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి ఇంటిపేరు, తండ్రి పేరు, భర్త పేరు, ఊరు విడివిడిగా అడిగి రాసుకునేదాన్ని. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనీ.

ఇంకొకటి. "లక్ష్మి గారేనా?" అని ఎప్పుడూ అడగకూడదు. నొప్పితో ఉన్నవాళ్లు, చెవి సరిగా వినపడనివాళ్లు దేనికైనా తలూపుతారు. "మీ పేరు చెప్పండమ్మా" అనాలి, వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. పుట్టిన తేదీ ఒక్కటే నమ్ముకున్నా లాభం లేదు. మన పెద్దవాళ్లలో సగం మంది కాగితాల మీద జనవరి 1నే పుట్టారు!

ఒక శుక్రవారం సూళ్లూరుపేట ఆవిడకు "రేపు ఫాస్టింగ్‌లో రండి" అని చెప్పి పంపాను. శనివారం తెల్లవారుజామున రైలెక్కి వచ్చింది. "అన్నం ముట్టలేదమ్మా, ఒక్కపొద్దే. రెండు అరటిపళ్లు, గ్లాసెడు పాలు, అంతే" అంది. ఎంత నిష్ఠగా చెప్పిందో! తప్పు నాది. చక్కెర పరీక్షకు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదని నేను విడమరిచి చెప్పలేదు. పాపం, సోమవారం మళ్లీ రైలెక్కింది. ఆ తర్వాత ఎవరికైనా "పొద్దున కాఫీ కూడా వద్దు" అని చెప్పి, ఆ మాట తిరిగి నాకు అప్పజెప్పించుకున్నాకే పంపేదాన్ని.

పోయిన నెల మోకాలి నొప్పితో నేనే రోగిగా ఒక ఆసుపత్రికి వెళ్లాను. కౌంటరులోని అమ్మాయి తెర మీది నుంచి చూపు తిప్పకుండా, నా ముందున్న పిల్లను "ఏం ప్రాబ్లం?" అని అందరికీ వినపడేలా అడిగింది. ఆ పిల్ల తల దించుకుంది. అక్కడే ఒకాయన తన భార్య కేసు కాగితాల నకళ్లు అడిగితే "పై వారం రండి" అన్నారు. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలియదు, కౌంటరు వాళ్లకూ తెలిసినట్టు లేదు.

మీ పత్రికలో ఉద్యోగాల పేజీ వస్తుంది కదా. ఇటువంటి కోర్సుల గురించి రాసేటప్పుడు ఈ సంగతులు కూడా అడిగి రాయించండి. చెన్నైలోని శిక్షణ సంస్థలు తెలుగు రోగులతో మాట్లాడటం ఒక్క వారమైనా నేర్పితే మేలు.

మనవరాలిని చేరమనే చెప్పాను. ఆదివారాలు నా దగ్గర కూర్చుంటోంది. మొన్న నన్నే రోగిని చేసి, పెన్ను తెరిచి, ఎంతో గంభీరంగా "ఇనీషియల్?" అంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

ఇట్లు,
ఒక విశ్రాంత రిసెప్షనిస్టు,
పెరంబూరు, చెన్నై