నవ్వుల ప్రచార వీడియోను తొలగించమని ఫిర్యాదు

విజయనగరం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

ఆర్యా,

మీ ఓటీటీకి మూడేళ్లుగా చందా కడుతున్న కుటుంబం మాది. గత నెల మీరు విడుదల చేసిన హాస్యచిత్రంలో, బట్టల కొట్టులో పనిచేసే యువకుడొకడు చీర మడత విప్పి భుజాన వేసుకుని చూపించగానే వెకిలి సంగీతం మొదలవుతుంది. కథానాయకుడి స్నేహితుడు అతణ్ణి ‘తేడాగాడు’ అని చెంప మీద కొడతాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతారు. సినిమా మొత్తంలో ఆ యువకుడికి పేరైనా లేదు. సినిమా తీసినవారు వేరని మీరు అనవచ్చు. కానీ ఆ 30 సెకన్లను విడిగా కత్తిరించి, నవ్వు బొమ్మలు అతికించి, ప్రచారానికి వదిలినది మీరే. నా ఫిర్యాదు ప్రధానంగా దాని మీదే.

మా అక్క కొడుకు మా ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. మెత్తని మాట, చేతులు తిప్పుతూ చెప్పే అలవాటు. వాడి మనసు ఎటువైపో మేము అడగలేదు, అడగవలసిన పనీ లేదు. మీ వీడియో వచ్చిన వారానికే, వాడు తరగతిలో అడుగుపెట్టగానే వెనక బెంచీలవాళ్లు ఆ సంగీతాన్ని నోటితో వాయించడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ఆరిన బట్టల కోసం మేడెక్కితే, రెండు చేతులూ ఒంటికి అదుముకుని పిట్టగోడ వెంబడి అటూ ఇటూ నడుస్తున్నాడు. ఏమిట్రా అంటే, ‘నడక మార్చుకుంటున్నాను పిన్నీ’ అన్నాడు.

నవ్వు తెలియని ఊరు కాదు మాది. 1892లో ఇక్కడే తొలిసారి ప్రదర్శించిన గురజాడ వారి ‘కన్యాశుల్కం’, ఆడపిల్లల్ని అమ్ముకునే పెద్దలను చూసి నవ్వించింది గాని, అమ్ముడుపోయే పిల్లను చూసి కాదు. పరస్పర అంగీకారంతో ఉండే వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది; కోర్టు నేరం కాదన్నదానికి మీ తెర మీద ఇంకా చెంపదెబ్బ పడుతూనే ఉంది.

సినిమాను నిషేధించమని నేను కోరడం లేదు. ఆ వీడియోను మీ ఖాతాలన్నిటి నుంచి తొలగించండి. ఏడేళ్లు దాటినవారు చూడవచ్చంటూ మీరిచ్చిన వయోవర్గీకరణను పునఃపరిశీలించి, పొగతాగడం గురించి వేసే హెచ్చరిక మాదిరిగానే, ఇందులో లైంగికత పట్ల అవహేళన, దాడి ఉన్నాయని సినిమా మొదట్లో తెలియజేయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలుపగలరు.

ఇట్లు,
మీ చందాదారు