కాకాకు దండలు సరే, కార్మికుడి పింఛను మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబర్ 5న జయంతి వచ్చిందంటే ట్యాంక్‌బండ్ మీద, మేమంతా కాకా అని పిలుచుకునే గడ్డం వెంకటస్వామి విగ్రహానికి దండలు పడతాయి. నాయకులు వస్తారు, బడుగుల పెన్నిధి అని నాలుగు మాటలు చెప్తారు, ఫొటోలు దిగి వెళ్తారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాకపోతే ఆ దండలు వేసేవాళ్లలో పార్లమెంటు సభ్యులు కూడా ఉంటారు కాబట్టి వాళ్లను ఒక సంగతి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాకా తెచ్చిన పింఛను ఇవాళ ఎంత వస్తుందో మీకు తెలుసా?

ఇప్పటి పిల్లల కోసం కొంచెం చెప్పాలి. ఆయన 1929లో పుట్టారు. భవన నిర్మాణ కూలీగా పనిచేశారు. హైదరాబాద్‌లో తలదాచుకునే చోటు లేని కూలీనాలీ జనాన్ని కూడగట్టి, ఖాళీ జాగాల్లో గుడిసెలు వేయించి, కూలగొట్టడానికి వచ్చినవాళ్లకు అడ్డం నిలబడ్డారు. అందుకే ఇంటిపేరు గడ్డమైనా ఊరు ఆయన్ను గుడిసెల వెంకటస్వామి అంది. మొదట సిద్దిపేట నుంచి, తర్వాత పెద్దపల్లి నుంచి మొత్తం ఏడుసార్లు లోక్‌సభకు గెలిచారు. బాగ్‌లింగంపల్లిలో ఆయన పెట్టిన అంబేడ్కర్ కాలేజీలో మా బస్తీ పిల్లలు చాలామందే చదువుకున్నారు.

పీవీ నరసింహారావు ప్రభుత్వంలో ఆయన కేంద్ర కార్మిక శాఖ చూస్తున్నప్పుడే, 1995 నవంబర్ 16న, ప్రైవేటు కార్మికులకు పింఛను పథకం మొదలైంది. ఈపీఎస్-95 అంటాం. అంతకుముందు 1971 నాటి కుటుంబ పింఛను ఒకటి ఉండేది, అది కార్మికుడు పోయాక ఇంట్లోవాళ్లకు వచ్చేది. బతికుండగా ఫ్యాక్టరీ కూలీకి నెలనెలా పింఛను అన్న మాట మాకు కొత్త. అప్పట్లో కొన్ని యూనియన్లు ఒప్పుకోలేదు. యజమాని కట్టే పీఎఫ్‌లోంచి, జీతంలో 8.33 శాతం మేర తీసి ఇందులో వేయడమేమిటని గేటు మీటింగుల్లో కొట్లాడాయి. వాళ్ల అనుమానంలోనూ కొంత నిజముందని ఇప్పుడు తెలుస్తోంది.

లెక్క ఇలా ఉంటుంది. పింఛనుకు లెక్కేసే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మీ అసలు జీతం ఎంతైనా కానీ, మామూలుగా లెక్కలోకి వచ్చేది పరిమితి వరకే. ఆ పరిమితి మొదట 5,000 రూపాయలు, 2001 నుంచి 6,500, 2014 సెప్టెంబర్ నుంచి 15,000. అంటే 35 ఏళ్లు ఒళ్లు హూనం చేసుకున్నవాడికి కూడా ఎనిమిది వేలు దాటదు. కనీస పింఛను వెయ్యి రూపాయలని అదే 2014లో పెట్టారు, ఆ వెయ్యే నడుస్తోంది. డీఏ, అంటే కరువు భత్యం, లేదు. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు ఈ పథకంలో పుట్టుకతోనే లేదు. కాకా మీద ఎంత గౌరవమున్నా ఈ లోటును దాచిపెట్టలేం.

నేను ఆజామాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో చేసి 2011లో దిగిపోయాను. పింఛను రెండు వేల దరిదాపు. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. అప్పట్లో దాంతో నెల బియ్యం, పప్పు, కరెంటు బిల్లు గడిచేవి. ఇప్పుడు మా ఇద్దరి బీపీ, షుగర్ గోలీలకే చాలదు. నాకంటే అన్యాయం బీడీలు చుట్టిన ఆడవాళ్లది. ఏళ్ల తరబడి వాళ్ల పేరు మీద పీఎఫ్ కట్టించుకుని చివరికి చేతిలో పెట్టేది ఆ వెయ్యి. ఏమీ కట్టకపోయినా వృద్ధాప్య పింఛను కింద రాష్ట్రం 2,016 ఇస్తోంది, ఇవ్వాల్సిందే కూడా. కట్టినవాళ్లకు అందులో సగం కూడా రాకపోవడం ఏ లెక్క?

పైగా ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపాలి. మా గల్లీలో ఒకాయన జీవితమంతా లేత్ మీద పనిచేశాడు. వేలిముద్రలు అరిగిపోయాయి. నెట్ సెంటర్లో ఆ చిన్న మిషన్ మీద బొటనవేలు పెడితే పడదు, చూపుడువేలు పడదు, చెయ్యి చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెడతాడు. ముఖం చూపించినా సరిపోతుందని ఈమధ్య ఫోన్లలో పెట్టారు. ముందు ఆయన దగ్గర అలాంటి ఫోనుండాలి కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పథకం సాధారణంగా 20 మంది, అంతకు మించి పనిచేసే చోటే వర్తిస్తుంది. అడ్డా మీద నిలబడి రోజుకో మేస్త్రీ వెంట పోయే సుతారి కూలీకి ఇది దక్కదు. అంటే యువకుడిగా ఉన్నప్పటి వెంకటస్వామికే వెంకటస్వామి పింఛను వచ్చేది కాదు! నిర్మాణ కార్మికుల కోసం 1996లో వేరే చట్టం, సంక్షేమ బోర్డు వచ్చాయి, నిజమే. నెలనెలా చేతికందే పింఛను మాత్రం అడ్డా కూలీలకు ఇంకా కలే.

ఈ ఊరు ఢిల్లీకి పంపిన కార్మికుల్లో ఆయనొక్కరే లేరు. ఆల్విన్‌లో కూలీగా చేరిన టి.అంజయ్య ముఖ్యమంత్రి అయ్యారు, 1984లో సికింద్రాబాద్ నుంచి గెలిచి కేంద్రంలో కార్మిక శాఖ చూశారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న లుంబినీ పార్కుకు పెట్టింది ఆయన పేరే. పడవ టికెట్టు కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసో! ఇప్పుడు లోక్‌సభకు నామినేషన్ వేయాలంటే డిపాజిట్టే 25,000, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. ఖర్చు పరిమితి 95 లక్షలు, అదీ కాగితం మీద. ఏ అడ్డా కూలీకి ఏ పార్టీ టికెట్టిస్తుంది? మా గోడు అనుభవించినవాళ్లు సభలో లేనప్పుడు, ఉన్నవాళ్లనే అడగాలి మరి.

ముందుగా అడగాల్సింది కాకా మనవడు వంశీకృష్ణ గారినే. 2024 నుంచి ఆయన తాతగారి పెద్దపల్లి సీటులోనే ఉన్నారు. ఆ తర్వాత హైదరాబాద్, సికింద్రాబాద్, మల్కాజిగిరి, చేవెళ్ల ఎంపీలను, ఏ పార్టీ వారైనా సరే. కనీస పింఛను 7,500 చేసి దానికి డీఏ కలపాలని పింఛనుదారులు ఏళ్లుగా అడుగుతున్నారు. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1952 నాటి పీఎఫ్ చట్టం కింద వచ్చిన పథకమిది, కేంద్రం గెజిట్ నోటిఫికేషన్‌తో మార్చుకోవచ్చు, 2014లో మార్చింది కూడా. కాబట్టి వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న ఎవరు లేవనెత్తుతారో, కార్మిక మంత్రి ఏం జవాబిస్తారో మీ పత్రిక పేర్లతో సహా వేయాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ కార్మికుడు,
రాంనగర్, హైదరాబాద్