పదో తరగతి ఫలితాల సందర్భంగా ప్రధానోపాధ్యాయుని సందేశం

తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు నమస్కారం.

2024-25 విద్యా సంవత్సరం తెలంగాణలో పదో తరగతి పిల్లలకు మార్పుల ఏడాది. మొత్తం గ్రేడ్ల సగటు చూపే జీపీఏ పోయి మార్కులు తిరిగి వచ్చాయి. అంతర్గత మూల్యాంకనానికి ఉన్న 20 మార్కులను తొలగిస్తున్నట్లు నవంబరు చివర ప్రకటించి, ఆ వెంటనే ఈ ఏటికి కొనసాగిస్తామని సవరించడంతో, ప్రాజెక్టులు రాయించాలో మానాలో తెలియక పిల్లలకంటే మేమే ఎక్కువ తికమకపడ్డామని ఒప్పుకోవాలి. అదనపు పత్రాల బదులు 24 పేజీల జవాబు పుస్తకం రావడం వల్ల, చోటు చూసుకొని రాయడాన్ని కూడా సాధన చేయించవలసి వచ్చింది.

ఏప్రిల్ 30న వెలువడిన ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 92.78 శాతం, నిరుడు 91.31. మన బడిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది మొదటి స్థానం కాదు, అర్ధ సంవత్సర పరీక్షల్లో గణితం తప్పి, ఆఖరి బస్సు వెళ్లిపోతుందని తెలిసినా సాయంత్రం తరగతుల్లో కూర్చున్న పిల్లలు గట్టెక్కడం. చీకటి పడ్డాక వచ్చి వారిని ఇళ్లకు చేర్చిన తండ్రులకు, అన్నలకు కృతజ్ఞతలు.

తప్పినవారి పేర్లను దయచేసి ఈ గ్రూపులో ప్రస్తావించవద్దు. జూన్‌లో జరిగే సప్లిమెంటరీ పరీక్షల కోసం వారికి సోమవారం నుంచి ఉదయం 8 గంటలకు బడిలోనే తరగతులు ఉంటాయి.